ఇల్లు నడుపుతూ ఓపెన్ డిగ్రీ: నల్లగొండ, పాలమూరు వాళ్లకు అంబేడ్కర్ వర్సిటీనా, ఇగ్నోనా?

పిల్లల్ని పెంచుకుంటూ డిగ్రీ చెయ్యాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఫీజు ఎంత అని. ఫీజు ఎట్లాగో సర్దుకుంటారు. సర్దుకోలేనిది సమయం. అందుకే ఈ సమీక్షలో రెండు ఓపెన్ యూనివర్సిటీలను ఒకే కొలతతో చూస్తున్నాం. ఇంట్లో చిన్నపిల్లలో, పెద్దవాళ్లో, పొలం పనో ఉన్న మనిషికి ఇవి ఎంత వెసులుబాటు ఇస్తాయి, ఎక్కడ చిక్కు పెడతాయి అన్నదే ఆ కొలత. ఒకటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. రెండోది ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అందరూ ఇగ్నో అనేది.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, మధ్యలో ఏళ్లకేళ్లు పుస్తకం ముట్టని తల్లికి అంబేడ్కర్ వర్సిటీనే సరైనది. పని కోసం ఊరు మారే కుటుంబానికి, ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లకు, పేపర్లను తమకు అనువైన సీజన్‌లో పెట్టుకోవాలనుకునే వాళ్లకు ఇగ్నో మేలు. ఉస్మానియాకూ దూరవిద్యా కేంద్రం ఉంది కానీ, హైదరాబాద్‌కు రాకపోకలు సాగించగలిగిన వాళ్లకే అది కలిసొస్తుంది కాబట్టి ఇక్కడ దాని జోలికి పోవడం లేదు.

ఈ రెండు యూనివర్సిటీల తీరు చాలావరకు ఒకేలా ఉండటానికి కారణం ఉంది. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ మొదలైంది. అంబేడ్కర్ పేరు 1991లో వచ్చింది. దానికి తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఇగ్నో ఏర్పడితే అక్కడా తొలి వైస్ ఛాన్సలర్ ఆయనే. సారు లేకున్నా చదువుకోగలిగేలా పుస్తకం రాయించడం, సందేహాలు తీర్చడానికే తరగతి పెట్టడం రెండుచోట్లా మూలసూత్రం. ఇది తెలియకుండా చేరినవాళ్లు ఆదివారం తరగతిలో పాఠమంతా చెబుతారనుకుని వెళ్తారు, నిరాశపడతారు. ఇక్కడ ప్రధాన గురువు పుస్తకమే.

గంటల లెక్క

దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, తరగతికి వెళ్లడం అన్నీ అందులోకే వస్తాయి. 2022 డిసెంబర్‌లో యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. అంటే 3,600 గంటలు. దీన్ని మూడేళ్లలో పూర్తిచెయ్యాలంటే వారానికి 23 గంటలు కావాలి. నాలుగేళ్లకు పంచితే 17, ఐదేళ్లకైతే 14, ఆరేళ్లకైతే పదకొండున్నర. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీకి గరిష్ఠ గడువు 6 ఏళ్లు. ఈ గడువు ఫెయిలైనవాళ్లకు చూపిన దయ కాదు, సంసారం ఉన్నవాళ్ల కోసమే పెట్టిన సౌకర్యం. మొదటి రోజునుంచే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో వారానికి 23 గంటలు కుదరవు. కుదురుతాయని మొదలుపెట్టినవాళ్లు మూడో నెలకే వెనకబడి, ఆ బెంగతో పుస్తకం మూసేస్తారు. 14 గంటలు మాత్రం కుదురుతాయి. తెల్లవారుజామున 5 నుంచి ఆరున్నర దాకా వారానికి ఐదు రోజులు, అది ఏడున్నర గంటలు. పెద్దపిల్ల బడికి, చిన్నది అంగన్‌వాడీకి పోయాక 11 నుంచి పన్నెండున్నర దాకా మూడు రోజులు, నాలుగున్నర గంటలు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు. అంతే. రాత్రి పిల్లలు పడుకున్నాక చదువుదామనుకునేవాళ్లే ఎక్కువ. పొద్దున నాలుగున్నరకు లేచిన మనిషికి రాత్రి పదింటికి కొత్త పాఠం బుర్రకెక్కదు. ఆ గంటను అసైన్‌మెంట్ ఫెయిర్ చెయ్యడానికో, పాత ప్రశ్నపత్రాలు పక్కన పెట్టుకుని ముఖ్యమైన ప్రశ్నలకు గుర్తులు పెట్టడానికో వాడితే వృథా పోదు.

రెండు యూనివర్సిటీల పుస్తకాలూ చిన్న యూనిట్లుగా, ఒక్కో యూనిట్ మళ్లీ చిన్న సెక్షన్లుగా ఉంటాయి. మధ్యమధ్య స్వయంగా సరిచూసుకునే ప్రశ్నలు, చివర జవాబుల సూచనలు ఉంటాయి. పిల్లవాడు మధ్యలో లేచి ఏడ్చే ఇంటికి ఈ అమరిక చాలా గొప్పది. యూనిట్ మొత్తం ఒక్క కూర్చోవడంలో చదవాలని పట్టుబట్టొద్దు. ఒక సెక్షన్ చదివి, దాని కింది ప్రశ్నకు నాలుగు లైన్ల జవాబు రాసి లేవండి. జవాబు రాయకుండా లేస్తే మర్నాడు మళ్లీ మొదటినుంచి చదవాల్సి వస్తుంది, ఆ అరగంట పోయినట్టే.

చేరేటప్పుడే పడే చిక్కులు

ఇంటర్ లేనివాళ్లు ముందు తెలంగాణ ఓపెన్ స్కూల్ నుంచి ఇంటర్ పూర్తిచేసుకోవాలి. అక్కడ రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, ఒక్కో సబ్జెక్టు విడివిడిగా రాసుకోవచ్చు. పదో తరగతితో ఆగి పెళ్లైపోయినవాళ్లకు ఈ దారి బాగుంటుంది. ఓపెన్ డిగ్రీ తీరు ఎట్లా ఉంటుందో కూడా అక్కడే అలవాటవుతుంది.

అడ్మిషన్‌లో అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి ఒక్కరికీ డీఈబీ ఐడీ (యూజీసీలోని దూరవిద్యా విభాగం ఇచ్చే నంబర్) ఉండాలి. దానికి ముందు ఏబీసీ ఐడీ (మన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్) కావాలి, అది డిజిలాకర్‌లో వస్తుంది, డిజిలాకర్ ఆధార్ మీద నడుస్తుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు పెట్టించుకున్న ఆడవాళ్లకు పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. ఈ రెండూ కలవకపోతే దరఖాస్తు దగ్గర ఆగకపోయినా, తర్వాత సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగుతుంది. ఉద్యోగానికైనా, పీజీకైనా అందరూ చూసేది పదో తరగతి మెమోనే కాబట్టి ఆధార్‌నే మెమో ప్రకారం సరిచేసుకోవడం మంచిది. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే అనుమతిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే ఇనిషియల్ ముందా వెనకా, పేరు విడగొట్టి రాయాలా కలిపి రాయాలా అన్నది మెమో ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి చెయ్యించుకోవాలి.

రెండో చిక్కు ఫోన్ నంబర్. ఆధార్‌కు పెళ్లికి ముందు నాన్న నంబరో, ఎప్పుడో మూలబడిన సిమ్మో లింక్ అయి ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది. ఇది అడ్మిషన్ చివరి తేదీనాడు బయటపడితే చేసేదేం ఉండదు. నోటిఫికేషన్‌కు నెల ముందే డిజిలాకర్‌లోకి వెళ్లి చూసుకోండి.

మూడోది నెట్ సెంటర్. దరఖాస్తు నింపే అబ్బాయి త్వరగా అయిపోవాలని తన మెయిల్ ఐడీ, ఒక్కోసారి తన నంబరే పెట్టేస్తాడు. తర్వాత వచ్చే ప్రతి సమాచారమూ, పాస్‌వర్డ్ మార్చుకునే ఓటీపీ కూడా అతనికే వెళ్తాయి. రెండేళ్ల తర్వాత ఆ షాపు ఉండకపోవచ్చు. ఇంటినుంచి బయల్దేరే ముందే మీ పేరు మీద మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్‌ను నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, కులం సర్టిఫికెట్, ఫోటో, సంతకం స్కాన్ చేయించి ఆ మెయిల్‌కే పంపుకోండి. ఇగ్నోలో పత్రం సైజు 200 కేబీ దాటితే అప్‌లోడ్ కాదు, కుదించేటప్పుడు నంబర్లు మసకబారకుండా చూడాలి.

ఇంకో మాట. రెగ్యులర్ డిగ్రీ పిల్లలకు వచ్చినట్టు దూరవిద్యకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ-పాస్‌లో, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్‌లో, పెట్టిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అంబేడ్కర్ వర్సిటీ: బలం తెలుగు పుస్తకం, జాగ్రత్త తేదీల దగ్గర

బీఏ, బీకాం, బీఎస్సీ మూడూ ఉన్నాయి. బోధన సెమిస్టర్ పద్ధతిలో సాగుతుంది. తెలుగు మీడియం పుస్తకాలే ఈ వర్సిటీకి పెద్ద ఆస్తి. చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, తెలుగు సాహిత్యం పుస్తకాలను ఆయా సబ్జెక్టుల అధ్యాపకులే రాశారు. గ్రూప్స్ పరీక్షలకు చదివే రెగ్యులర్ పిల్లలు కూడా వీటిని వెతికి కొనుక్కుంటారంటే విలువ అర్థమవుతుంది. భాష కొంచెం గ్రాంథికంగా ఉంటుంది, పేరాలు బరువుగా ఉంటాయి. మొదటి రెండు యూనిట్లు మెల్లగా చదివితే ఆ పదాలు అలవాటవుతాయి, మూడోదాన్నుంచి వేగం వస్తుంది. ప్రభుత్వ విద్యా ఛానళ్లు టీ-శాట్‌లో వచ్చే పాఠాలు కూడా ఉన్నాయి. వంట చేస్తూ వినడానికి బాగుంటాయి. విన్నంత మాత్రాన పరీక్ష రాయలేం, కానీ విన్న పాఠాన్ని తర్వాత చదివితే సగం సమయంలో అయిపోతుంది.

నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల, అదే ఎన్జీ కాలేజీ, మహబూబ్‌నగర్‌లో ఎం.వి.ఎస్. ప్రభుత్వ కళాశాల ఈ వర్సిటీకి పెద్ద కేంద్రాలు. చిన్న పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కూడా స్టడీ సెంటర్లు నడుస్తాయి. దరఖాస్తులో సెంటర్ ఎంచుకునేటప్పుడు జిల్లా కేంద్రమని గుడ్డిగా పెట్టకుండా, జాబితాలో మీకు దగ్గరి పట్టణం ఉందా, అక్కడ మీ గ్రూపు ఉందా రెండూ చూడాలి. అన్ని సెంటర్లలో అన్ని గ్రూపులూ ఉండవు, సైన్స్ అయితే కొన్నింట్లోనే ఉంటుంది.

ఆదివారం తరగతుల సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో తరగతికి పోవడంలో డబ్బు ఖర్చు దాదాపు పోయింది. ఆధార్ దగ్గర పెట్టుకుని జీరో టికెట్ తీసుకుంటే చాలు, ఆడపిల్లను వెంట తీసుకెళ్లినా టికెట్ ఉండదు. కానీ సమయం ఖర్చు అట్లాగే ఉంది. దేవరకొండనుంచి నల్లగొండకు దాదాపు 60 కిలోమీటర్లు. వచ్చిపోవడానికి నాలుగు గంటలు వేసుకోవాలి. నారాయణపేట నుంచి మహబూబ్‌నగర్‌కూ ఇంచుమించు అంతే. రెండు మూడు గంటల తరగతి కోసం ప్రతి ఆదివారం పోవడం చిన్నపిల్లల తల్లికి దండగ. స్టడీ సెంటర్లలో పిల్లల్ని ఉంచే ఏర్పాటు ఉండదు, పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని తరగతి వినడం ఎవరికీ న్యాయం కాదు.

మరి ఏ తరగతులకు పోవాలి? మొదటిదానికి తప్పక పోవాలి, ఎందుకంటే పుస్తకాలు, ఐడీ కార్డు, తేదీల వివరాలు అక్కడ తేలుతాయి. తర్వాత చదివితే అర్థం కాని సబ్జెక్టు తరగతులకు పోవాలి. బీకాంలో అకౌంటెన్సీ అట్లాంటిదే. జర్నల్ ఎంట్రీ, తరుగుదల, తుది ఖాతాలు ఎవరో ఒకరు బోర్డు మీద ఒక్కసారి వేసి చూపిస్తే వారం శ్రమ తప్పుతుంది. చరిత్ర, సమాజశాస్త్రం లాంటివి ఇంట్లో చదువుకోవచ్చు. చివరిగా, పరీక్షలకు ముందు జరిగే తరగతి. వెళ్లేటప్పుడు సందేహాల్ని కాగితం మీద రాసుకుని వెళ్లండి. కౌన్సెలర్లు చాలామంది అదే కాలేజీ లెక్చరర్లు, అడిగినదానికి ఓపికగా చెబుతారు. అడగనివాళ్లకు ఏం కావాలో వాళ్లకు తెలియదు.

బీఎస్సీ తీసుకుంటే ప్రాక్టికల్స్‌కు ల్యాబ్‌కు రావాల్సిందే, దానికి మినహాయింపు లేదు. పాలు తాగే బిడ్డ ఉన్న ఇంట్లో అది భారం. ఆ రోజుల్లో బిడ్డను చూసే మనిషి ఎవరో తేలాకే సైన్స్ గ్రూపు పెట్టుకోండి. అమ్మమ్మ వస్తుందిలే అన్న నమ్మకం చాలదు, వాళ్లకూ నాట్లు, కోతలు ఉంటాయి.

ఇక్కడ ఎక్కువమంది నష్టపోయేది రెండో ఏడాది ట్యూషన్ ఫీజు దగ్గర. మొదటి ఏడాది పేపర్లు మిగిలిపోయాయి కదా, అవి పాసయ్యాక కడదామని ఆగిపోతారు. మిగిలిన పేపర్లు ఉన్నా గడువులోగా తర్వాతి ఏడాది ఫీజు కట్టి ముందుకు సాగాలి. ఆగితే ఆ ఏడాది పోతుంది. పరీక్ష ఫీజు వేరు, ట్యూషన్ ఫీజు వేరు అన్నది కూడా చాలామందికి తెలియదు. ఒకటి కట్టి రెండూ అయిపోయాయనుకుంటారు. పరీక్షల షెడ్యూల్, ఫీజు గడువు వర్సిటీ వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్‌గా వస్తాయి, ఇంటికి ఉత్తరం రాదు. నెలలో మొదటి తేదీ, పదిహేనో తేదీ వెబ్‌సైట్ చూడటం పాలవాడి లెక్క చూసుకున్నంత అలవాటు కావాలి.

ఇగ్నో: వెసులుబాటు ఎక్కువ, సొంత క్రమశిక్షణా ఎక్కువే కావాలి

జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి చేరొచ్చు. టర్మ్ ఎండ్ పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. చాలా పేపర్లు రెండుసార్లూ ఉంటాయి, ఏవి ఎప్పుడు రాయాలో నిర్ణయం మీదే. ముందు పేపర్లు పాస్ కాకపోయినా తర్వాతి ఏడాదికి రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు. పరీక్షా కేంద్రం కూడా ఫారం నింపేటప్పుడు ఎంచుకోవచ్చు. పాలమూరు నుంచి పుణె, ముంబైకి పనికి పోయిన కుటుంబం అక్కడి కేంద్రమే పెట్టుకుని రాయొచ్చు. వలస కుటుంబాలకు ఇంతకన్నా అనువైన డిగ్రీ లేదు.

దీన్ని పొలం లెక్కతో కలపాలి. డిసెంబర్ పరీక్షలంటే పత్తి ఏరుడు, యాసంగి నారు, నాట్లు అన్నీ ఒక్కసారే మీద పడే కాలం. జూన్ పరీక్షలకు చదివేది ఏప్రిల్, మే నెలల్లో. బడికి సెలవులు కాబట్టి పిల్లలు ఇంట్లోనే ఉంటారు కానీ పొలం పని తక్కువ. పరీక్షలు మొదలయ్యాక జూన్ 12 ప్రాంతంలో బడులు తెరుస్తారు, పుస్తకాలు, యూనిఫాం హడావుడి ఉంటుంది. రెండింట్లో పత్తి రైతు ఇంటికి జూనే నయం. ఏడాది పేపర్లలో మూడింట రెండొంతులు జూన్‌కు, ఒక వంతు డిసెంబర్‌కు పెట్టుకోండి. వ్యవసాయం లేని ఇంట్లో, ముఖ్యంగా ప్రైవేటు బడిలో టీచర్‌గా చేసేవాళ్లకు, ఇది తిరగబడుతుంది. వాళ్లకు మార్చి, ఏప్రిల్ అంతా బడి పరీక్షలు, పేపర్లు దిద్దడంతోనే సరిపోతుంది. దసరా సెలవుల్లో చదివి డిసెంబర్‌లో ఎక్కువ పేపర్లు రాయడమే మేలు.

రాత పరీక్షకు పేపర్‌కు 200 రూపాయలు. గడువు దాటితే 1,100 రూపాయల లేట్ ఫీజు. జూన్ పరీక్షల ఫారం మార్చి, ఏప్రిల్‌లో, డిసెంబర్‌ది సెప్టెంబర్, అక్టోబర్‌లో వస్తుంది. బతుకమ్మ పండుగ సందడిలో డిసెంబర్ ఫారం మర్చిపోవడం ఇక్కడ మామూలు. ఫారం తెరుచుకున్న వారంలోనే కట్టెయ్యండి. పరీక్ష పొద్దున 10 నుంచి ఒంటిగంట, మధ్యాహ్నం 2 నుంచి 5. డేట్ షీట్ ముందే వస్తుంది కాబట్టి ఒకే రోజు రెండు పేపర్లు పడుతున్నాయా అన్నది ఫారం నింపే ముందే చూసుకోవాలి.

అసైన్‌మెంట్లకు 30 శాతం వెయిటేజీ, పరీక్షకు 70. డిగ్రీలో పాస్ కావాలంటే రెండింట్లోనూ విడివిడిగా 35 రావాలి. ఇక్కడే లెక్క తప్పుతారు. అసైన్‌మెంట్‌లో 80 వచ్చింది, పరీక్షలో 30 వచ్చింది అనుకోండి. కలిపితే 24 ప్లస్ 21, మొత్తం 45. అయినా ఫెయిలే, ఎందుకంటే పరీక్షలో 35 రాలేదు. అట్లాగే పరీక్ష బాగా రాసి అసైన్‌మెంట్ ఇవ్వకపోతే ఆ పేపర్ పూర్తి కానట్టే.

అసైన్‌మెంట్ ప్రశ్నలు సెషన్‌ను బట్టి మారతాయి. పక్కింటి అమ్మాయి ఇచ్చిన పోయినేడాది ప్రశ్నలకు జవాబులు రాసి ఇస్తే అంతా వృథా. వెబ్‌సైట్‌లో మీ సెషన్ పేరు, కోర్సు కోడ్ రెండూ చూసి దించుకోవాలి. సొంత చేతిరాతతో, ఎ-4 కాగితం మీద, ఎడమవైపు మార్జిన్ వదిలి రాయాలి. మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబర్, పేరు, ప్రోగ్రాం కోడ్, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ ఉండాలి. బయట దొరికే తయారు జవాబుల్ని నలుగురు ఒకేలా ఎక్కిస్తే దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది. ఇచ్చే ముందు జెరాక్సో, ఫోటోలో తీసి పెట్టుకోండి, ఇచ్చాక రసీదు తీసుకోండి. కొన్ని నెలలయ్యాక కూడా గ్రేడ్ కార్డులో మార్కులు ఎక్కకపోతే రసీదుతో ముందు స్టడీ సెంటర్‌ను, అక్కడ తేలకపోతే హైదరాబాద్ రీజినల్ సెంటర్‌ను అడగాలి, ఐగ్రామ్ అనే ఫిర్యాదుల పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. రసీదు లేకుండా ఏదీ తేలదు.

ఇగ్నోలో మన వాళ్లకు పెద్ద అడ్డంకి భాష. డిగ్రీ పుస్తకాలు ప్రధానంగా ఇంగ్లీషు, హిందీలోనే ఉంటాయి. చేరే ముందే ఈ-జ్ఞాన్‌కోష్ అనే వెబ్‌సైట్‌లో మీ కోర్సు పుస్తకం ఉచితంగా తెరిచి ఒక యూనిట్ చదివి చూడండి. పది పేజీలు చదివాక సారాంశం తెలుగులో చెప్పగలిగితే చేరండి. చెప్పలేకపోతే అంబేడ్కర్ వర్సిటీ వైపే పోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. అచ్చు పుస్తకాలు వద్దని సాఫ్ట్ కాపీ ఎంచుకుంటే ప్రోగ్రాం ఫీజులో 15 శాతం తగ్గుతుంది. ఫోన్ ఒక్కటే ఉండి, దాన్నే పిల్లలు కూడా వాడే ఇంట్లో ఆ తగ్గింపుకు ఆశపడొద్దు. ఫోన్ తెరిస్తే చదువు ఆగుతుంది, పుస్తకం పొయ్యి పక్కన కూడా తెరుచుకుంటుంది.

భార్యాభర్తలిద్దరూ చదవాలనుకుంటే

ఒకే సబ్జెక్టులు తీసుకుంటే పుస్తకాలు ఒక సెట్ చాలు, ఒకరికొకరు చెప్పుకోవచ్చు అనిపిస్తుంది. అప్పుడు ఇద్దరి పరీక్షలూ ఒకే రోజు ఒకే సమయానికి పడి, పిల్లల్ని చూసే మనిషి ఉండరు. ఒకరు ఏడాది ముందు, ఇంకొకరు ఏడాది తర్వాత చేరడమే మంచి ఉపాయం. ముందు చదివినవాళ్ల నోట్సు రెండోవాళ్లకు పనికొస్తుంది. ముందు ఎవరు చేరాలన్న ప్రశ్న వస్తే ఆమెనే ముందు చేరనివ్వాలి. పిల్లలు పెరిగాక చూద్దాం అని ఆగితే సాధారణంగా ఆగిపోయేది ఆమె చదువే.

గర్భంతో ఉన్నవాళ్లు ప్రసవం నెలకు ముందూ వెనకా వచ్చే పరీక్షలకు ఫీజు కట్టకుండా ఉండటమే మేలు, కట్టిన పరీక్ష ఫీజు తిరిగి రాదు. ఆ టర్మ్‌లో అసైన్‌మెంట్లు మాత్రం ఇచ్చి పెట్టుకుంటే తర్వాత పరీక్ష ఒక్కటే మిగులుతుంది.

పదేళ్లుగా పెన్ను పట్టని చేతికి మూడు గంటలు రాయడం చదువుకన్నా కష్టం. పరీక్షకు రెండు నెలల ముందునుంచి గడియారం పెట్టుకుని మొదట 30 నిమిషాలు, రెండు వారాల తర్వాత గంట, చివరి నెలలో ఒకసారైనా పూర్తి మూడు గంటలు పాత ప్రశ్నపత్రం రాయండి. జవాబులన్నీ తెలిసి కూడా చివరి రెండు ప్రశ్నలకు సమయం చాలక ఫెయిలయ్యేవాళ్లు ఉన్నారు. పొడుగు ప్రశ్నకు 35 నిమిషాలు దాటనివ్వకండి.

"సింగిల్ సిట్టింగ్" పోస్టర్ల గురించి

నల్లగొండ బస్టాండు చుట్టుపక్కల, జడ్చర్ల చౌరస్తా దగ్గర, ఎక్కడ చూసినా గోడల మీద ఈ పోస్టర్లు ఉంటాయి. ఒకే ఏడాదిలో డిగ్రీ, పరీక్ష లేకుండా డిగ్రీ. పని తీరిక లేని తల్లిదండ్రులే వీటికి ఎక్కువ దొరుకుతారు, వేలకు వేలు పోసి కాగితం కొనుక్కుంటారు. డిగ్రీని ఏడాదిలో ఇచ్చే చట్టబద్ధ పద్ధతి లేదు. వేరే రాష్ట్ర యూనివర్సిటీ ఇక్కడ ఫ్రాంచైజీ సెంటర్ పెట్టి దూరవిద్య నడపడాన్ని యూజీసీ ఒప్పుకోదు. డీఈబీ వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ ఏడాది మూడూ ఉన్నాయో లేదో చూడండి, ఒక్కటి లేకున్నా వదిలెయ్యండి. ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా డిగ్రీలు దూరవిద్యలో చెల్లవు, ఎవరు ఇస్తామన్నా నమ్మొద్దు. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ దూరవిద్య డిగ్రీ మాత్రం రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబర్‌లో స్పష్టంగా చెప్పింది. ఉద్యోగ నోటిఫికేషన్లకు దరఖాస్తు చేసేటప్పుడు వెనకాడాల్సిన పనిలేదు.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు చివరగా ఒక జాగ్రత్త. పుస్తకాలైనా, పట్టా అయినా పోస్టులో దరఖాస్తులో ఇచ్చిన చిరునామాకే వస్తాయి. ఐదేళ్లలో ఇల్లు మారే అవకాశం ఉంటే అత్తగారిదో, అమ్మగారిదో సొంతింటి చిరునామా, సరైన పిన్‌కోడ్‌తో ఇవ్వండి. ఇదివరకే వేరేది ఇచ్చి ఉంటే, చివరి సెమిస్టర్ ఫీజు కట్టే రోజుల్లోనే చిరునామా మార్పు దరఖాస్తు పెట్టండి.